ఆ అర పాయింటు ఆమెదే!

పరీక్షలో పిల్లాడికి అర మార్కు తగ్గిందంటే ఊరుకుంటామా? కాగితం పట్టుకుని టీచరు దగ్గరికి వెళ్లి అడుగుతాం. అర మార్కేగా అని ఎవరూ వదిలెయ్యరు. అలాంటి ‘అర’తోనే చరిత్రలో నిలిచిపోయిన ఓ మహిళ కథ ఇది. పేరు లెల్లా లొంబార్డి. ఊరు ఇటలీలో ఓ పల్లె. పని... గంటకి రెండు వందల కిలోమీటర్లు దాటిన వేగంతో ఫార్ములా వన్ కారు నడపడం!

కొత్త సీజన్ వస్తోందంటే ఫార్ములా వన్ పందేల్లో రెండు విషయాల మీద పెద్ద చర్చ నడుస్తుంది. ఏ జట్టు కారు ఎవరు నడుపుతారన్నది ఒకటి. ఈసారి ఏ నిబంధనలు మారాయన్నది రెండోది. 2026 సీజన్‌కైతే రెండూ భారీగానే మారాయి. క్యాడిలాక్ రావడంతో జట్లు పది నుంచి పదకొండయ్యాయి. కార్ల బరువు తగ్గించారు. ఇంజిన్ శక్తిలో దాదాపు సగం విద్యుత్తు నుంచే రావాలన్నారు. ఇక డ్రైవర్లు... మొత్తం 22 మంది. ఆ జాబితా పైనుంచి కింది దాకా ఎన్నిసార్లు చదివినా ఒక్క ఆడపేరు కనిపించదు.

ఇదేం కొత్త కాదు. ఈ ప్రపంచ చాంపియన్‌షిప్ 1950లో మొదలైంది. అప్పటినుంచి 2025 దాకా పందెంలో నిజంగా కారు కదిలించిన మహిళలు ఇద్దరంటే ఇద్దరే. ఇద్దరూ ఇటలీ వాళ్లే. అందులో మొదటావిడ మరియా తెరెసా ద ఫిలిప్పిస్. రెండో ఆవిడ లెల్లా. ఇద్దరిలోనూ పాయింటు తెచ్చుకున్నది లెల్లా ఒక్కతే. అదీ పూర్తి పాయింటు కాదు... అర పాయింటు!

మాంసం కొట్టు వ్యాన్‌తో మొదలు

లెల్లా అసలు పేరు మరియా గ్రాట్సియా లొంబార్డి. 1941 మార్చి 26న పుట్టింది. ఇటలీ ఉత్తరాన పీడ్‌మాంట్ ప్రాంతంలో ఫ్రుగరోలో అనే చిన్న ఊరు వాళ్లది. నాన్నకి మాంసం కొట్టు ఉండేది. ఇంట్లో రేసుల ఊసే లేదు. తాతలిచ్చిన ఆస్తులూ లేవు. ఆ రోజుల్లో కార్ల పందేలంటే డబ్బున్న మారాజుల సరదా. మరి ఈ పిల్లకి స్టీరింగ్ ఎలా దొరికిందీ అంటే... కొట్టు వ్యాన్‌లోంచే. గిరాకీల ఇళ్లకి మాంసం చేరవెయ్యడానికి వ్యాన్ నడిపేది. లెల్లా చేతులకి చక్రం అలవాటైంది అక్కడే.

ఆ వ్యాన్ మీద మొదలైన ఇష్టం వ్యాన్‌తో ఆగలేదు. 1965లో ఫార్ములా మోంజా అనే చిన్న పందేల్లోకి దిగింది. చిన్న ఫియట్ ఇంజిన్లు పెట్టిన ఒంటి సీటు కార్లవి. ఖర్చు తక్కువ, నేర్చుకోవడానికి బాగా పనికొస్తాయి. అక్కణ్నుంచి ఫార్ములా త్రీ. 1970లో ఇటలీ ఫార్ములా 850 చాంపియన్‌షిప్పే గెలిచేసింది. ఆడవాళ్లకి వేరుగా పెట్టిన పోటీ కాదండీ ఇది. మగవాళ్లతో కలిసి, అదే ట్రాకు మీద, అవే నిబంధనలతో ఆడి గెలిచింది. 1973లో ఇటలీలో ఫోర్డ్ ఎస్కార్ట్ కార్ల పోటీలోనూ ఆమెదే పైచేయి.

అప్పటికి వయసు 32. ఈ రోజుల్లో కుర్రాళ్లు 18, 19 ఏళ్లకే ఫార్ములా వన్‌లోకి వచ్చేస్తున్నారు. లెల్లాకి మాత్రం ఒక్కో మెట్టుకి రెండు మూడేళ్లు పట్టింది. మెట్టు ఎక్కిన ప్రతిసారీ కారుకి డబ్బిచ్చే వాళ్లని వెతుక్కోవాల్సిందే మరి.

రేడియో నంబరు కారు

1974లో ఇంగ్లండ్ చేరింది. అక్కడ ఫార్ములా 5000 అని పందేలు జరిగేవి. అయిదు లీటర్ల పెద్ద అమెరికన్ ఇంజిన్లు. పవర్ స్టీరింగ్ లేదు. మలుపు మలుపుకీ చక్రంతో కుస్తీ పట్టాలి. ఆడదానికి ఆ బలం ఎక్కడిదని గొణిగిన వాళ్లకి లెల్లా లోలా కారులో కూర్చునే జవాబు చెప్పింది. వరసగా పాయింట్లు తెచ్చుకుని, ఆ పందేల్లో పేరున్న మగ డ్రైవర్ల సరసన నిలిచింది.

ఆ ఏడాదే బ్రాండ్స్ హాచ్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రీ. పాత బ్రాభమ్ కారు ఒకటి దొరికింది. దాని మీద నంబరు 208. ఏమిటా నంబరు అనుకుంటున్నారా? స్పాన్సర్లలో ఒకటైన రేడియో లక్సెంబర్గ్ ప్రసారాలు 208 మీటర్ల మీద వచ్చేవి. ఆ ప్రచారమే కారుకి నంబరైంది! అయితే ఫార్ములా వన్‌లో పేరిచ్చిన వాళ్లందరికీ పందెంలో చోటుండేది కాదు. ముందు ఎవరికి వాళ్లు వేగం చూపించాలి. వేగంగా తిరిగిన వాళ్లు పందెంలోకి, మిగిలిన వాళ్లు ఇంటికి. లెల్లాకి ఆసారి చోటు దొరకలేదు. ఆ మొదటి ప్రయత్నం అలా అయిపోయింది.

కాఫీ కంపెనీ అండ

ఇంతకీ జట్టు జాబితాలో పేరు ఎలా ఎక్కుతుంది? బాగా నడిపితే ఎక్కుతుంది అనుకుంటాం. సగమే నిజం. చిన్న జట్లకి డబ్బు కావాలి. డ్రైవరు వెంట స్పాన్సరు వస్తే సీటు దొరుకుతుంది. ఇప్పటికీ ఈ పద్ధతి పోలేదు. లెల్లాకి అండగా నిలిచింది తురిన్‌కి చెందిన కౌంట్ గూగీ జానన్. ఆయన పూనికతో లవాజా కాఫీ కంపెనీ ముందుకొచ్చింది. ఆ డబ్బుతో 1975లో మార్చ్ అనే ఇంగ్లిష్ జట్టులో లెల్లాకి సీటు దొరికింది. (నెల పేరు కాదండోయ్! జట్టు పెట్టిన నలుగురు భాగస్వాముల పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది.) జట్టులో రెండో డ్రైవరు విత్తోరియో బ్రంబిల్లా. ఆయనా ఇటలీ వాడే.

1975 మార్చి 1. దక్షిణాఫ్రికాలోని క్యాలమీ. ఈసారి లెల్లా ప్రాక్టీసు గండం గట్టెక్కింది. వరసలో అందరికన్నా వెనకే నిలబడినా, నిలబడింది. అంతకుముందు గ్రాండ్ ప్రీలో ఒక మహిళ కారు కదిలి అప్పటికి 17 ఏళ్లు. ద ఫిలిప్పిస్ 1958లో నడిపింది. బెల్జియంలో పదో స్థానంలో వచ్చింది కూడా. ఆ ఏడాదే ఫ్రాన్స్‌లో నిర్వాహకుడొకాయన, ఆడవాళ్లు పెట్టుకోవాల్సిన హెల్మెట్ బ్యూటీ పార్లర్లో జుట్టు ఆరబెట్టుకునేదేనంటూ ఆమెని వెనక్కి పంపాడని ద ఫిలిప్పిస్ తరవాత చెప్పుకుంది. అలాంటి మాటల తరవాత 17 ఏళ్లకి మళ్లీ ఓ ఆడమనిషి! క్యాలమీలో ఇంజిన్‌కి ఇంధనం సరిగా అందక లెల్లా కారు మధ్యలోనే ఆగిపోయింది. అయినా దారి మళ్లీ తెరుచుకుంది.

బోల్టులు బిగించని పార్కు

తరవాతి పందెం స్పెయిన్‌లో. బార్సిలోనా నగరంలో మోంట్‌జుయిక్ అనే కొండ పార్కుంది. ఆ పార్కు రోడ్ల మీదే పందెం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ పందెం జరిగినప్పుడు రోడ్డుకి అటూ ఇటూ కాంక్రీటు గోడలు, ఇనప కంచెలు పెట్టారు, గుర్తుందా? అలాంటి నగర రోడ్డే ఇదీ. కంచెలు గట్టిగా ఉన్నాయా లేదా అన్నదాని మీదే ప్రాణాలన్నీ ఆధారపడతాయి.

డ్రైవర్లు వెళ్లి చూసేసరికి గుండె గుభేలుమంది. రెయిలింగుల బోల్టులు చాలాచోట్ల బిగించలేదు! ప్రాక్టీసుకి రామని డ్రైవర్ల సంఘం మొరాయించింది. జట్ల మెకానిక్కులే పానాలు పట్టుకుని బోల్టులు బిగించడం మొదలెట్టారు. మరోపక్క పందెం జరక్కపోతే కార్లు జప్తు చేయిస్తామని నిర్వాహకుల బెదిరింపు. చివరికి పందెం జరపాలనే తేలింది. అప్పటి ప్రపంచ చాంపియన్ ఎమర్సన్ ఫిట్టిపాల్డి మాత్రం ప్రాక్టీసులో నెమ్మదిగా మూడు చుట్లు తిరిగి, కారు దిగి ఇంటికెళ్లిపోయాడు.

1975 ఏప్రిల్ 27. పందెం మొదలైన మొదటి చుట్టులోనే ముందున్న ఫెరారీలు దెబ్బతిన్నాయి. ఆ తరవాత ఒకరి వెనక ఒకరు... గుద్దుకున్నవాళ్లు, ఇంజిన్ పాడైనవాళ్లు. ముందున్నవాళ్లు రాలిపోతుంటే వెనకనుంచి బయల్దేరిన లెల్లా ఒక్కో స్థానం పైకి వస్తోంది. కారుని కంచెకి తగలనివ్వకుండా, తొందరపడకుండా నడుపుతోంది.

26వ చుట్టు. అందరికన్నా ముందు దూసుకుపోతున్న రోల్ఫ్ స్టోమెలెన్ కారు వెనక రెక్క విరిగింది. రెక్క పోతే కారు నేలకి అతుక్కుని ఉండదు. కారు అదుపు తప్పి, కంచె దాటి అవతలికి ఎగిరిపడింది. నలుగురు చనిపోయారు. స్టోమెలెన్ తీవ్రంగా గాయపడ్డాడు.

29వ చుట్టులో పందెం ఆపేశారు. జరగాల్సింది 75 చుట్లు. ఆపే సమయానికి జోకెన్ మాస్ మొదటి స్థానంలో ఉన్నాడు. లెల్లా లొంబార్డి ఆరో స్థానం!

అర ఎందుకు?

ఆ రోజుల్లో మొదటి ఆరుగురికే పాయింట్లు. 9, 6, 4, 3, 2, 1... అంతే. ఆరో స్థానానికి ఒక పాయింటు. కానీ పందెం నిర్ణీత దూరం నడవకపోతే పాయింట్లు సగమే ఇవ్వాలని నిబంధన. అలా లెల్లా ఒక పాయింటు అర పాయింటైంది.

ఫార్ములా వన్‌లో పాయింటు తెచ్చుకున్న మొదటి మహిళ. 2025 సీజన్ ముగిసేదాకా కూడా ఆమె ఒక్కతే. కానీ ఆ రోజు పూలదండలూ లేవు, సంబరమూ లేదు. నాలుగు శవాలు లేచిన చోట ఎవరు మాత్రం చప్పట్లు కొడతారు? ఆ తరవాత మోంట్‌జుయిక్‌లో మళ్లీ గ్రాండ్ ప్రీ జరపలేదు.

అదృష్టం కలిసొచ్చిందిలే, ముందున్న వాళ్లు పడిపోబట్టే కదా అని పెదవి విరిచిన వాళ్లకి కొదవలేదు. నిజమే, చాలామంది పడిపోయారు. అవే రోడ్లు, అవే కంచెలు. పడిపోకుండా ఉన్న వాళ్లలో లెల్లా ఒకతె. ఇంకో సంగతి. ఆ ఏడాదే ఆస్ట్రియాలో కుండపోత వాన పడి పందెం మధ్యలో ఆగింది. గెలిచింది ఎవరనుకున్నారు? లెల్లా జట్టు డ్రైవరు బ్రంబిల్లా. ఆయనకీ సగం పాయింట్లే... తొమ్మిదికి నాలుగున్నర. ఆ గెలుపుని మాత్రం సగం గెలుపు అని ఎవరూ అనలేదు.

ఒక చోట గేటు, ఒక చోట గెలుపు లాంటిది

స్పెయిన్ దుర్ఘటన తరవాత మొనాకోలో జాగ్రత్త కోసం పందెంలోకి 18 కార్లనే రానిస్తామన్నారు. నిబంధన అలా ఇరుకైతే మొదట బయటపడేది వెనక వరస వాళ్లే కదా. లెల్లాకి చోటు లేకపోయింది. బెల్జియం, స్వీడన్‌లలో కారు మధ్యలో ఆగిపోయింది. హాలండ్‌లో 14, ఫ్రాన్స్‌లో 18.

ఆగస్టులో జర్మనీ. నూర్‌బర్గ్‌రింగ్ అనే ఆ ట్రాకు పేరు చెబితేనే హేమాహేమీలకి చెమటలు పట్టేవి. అడవిలోంచి, కొండల మీదుగా... ఒక్క చుట్టే దాదాపు 23 కిలోమీటర్లు. వందకి పైగా మలుపులు. రాళ్లు తగిలి ఆ రోజు ఎంతోమంది టైర్లు పేలిపోయాయి. లెల్లా మాత్రం పందెం పూర్తిచేసింది. ఏడో స్థానం! ఎవరూ సగంలో ఆపని పందెం అది. అయితే పాయింట్లు ఆరో స్థానం దాకానే. ఒక్క మెట్టు తేడాతో సున్నా.

ఇప్పుడు ఓ చిన్న లెక్క వేద్దాం. 2010 నుంచి పాయింట్లు మొదటి పదిమందికీ ఇస్తున్నారు. ఏడో స్థానానికి 6 పాయింట్లు. మధ్యలో ఆగిన పందేలకి పాయింట్లు ఎలా ఇవ్వాలన్నది 2022లో మళ్లీ మార్చారు. అంతకుముందు ఏడాది బెల్జియంలో వాన వల్ల పందెమే సరిగా జరక్కుండా సగం పాయింట్లు పంచడంతో పెద్ద గొడవైంది మరి. కొత్త పట్టిక ప్రకారం పాతిక శాతం నుంచి సగం దాకా నడిచిన పందెంలో ఆరో స్థానానికి 4 పాయింట్లు. మోంట్‌జుయిక్‌లో నడిచింది దాదాపు 39 శాతం. అంటే ఈ లెక్కన ఆ రెండు పందేలకే లెల్లాకి 10 పాయింట్లు వచ్చేవి. నడిపిన మనిషి ఆమే, కారు అదే. మారింది కాగితం మీద నిబంధన. పాత ఫలితాలని కొత్త పట్టికతో ఎవరూ తిరగరాయరు కాబట్టి పుస్తకాల్లో ఆమె పేరు పక్కన ఇప్పటికీ 0.5 అనే ఉంటుంది.

ఎవరూ వినని ఫిర్యాదు

ఆ ఏడాది పొడుగునా లెల్లా ఒకే మాట చెబుతూ వచ్చింది. కారులో ఏదో తేడా ఉంది, మలుపుల్లో మాట వినడం లేదు... ఇదీ ఆమె ఫిర్యాదు. జట్టు వాళ్లు విన్నారు. విని ఊరుకున్నారు. ఆడమనిషి కదా, బలం చాలడం లేదేమో, కారుని అర్థం చేసుకోలేకపోతోందేమో అనుకున్నారు. జట్టు చిన్నది, డబ్బు తక్కువ, చూసుకోవాల్సిన కార్లు ఎక్కువ. ఎవరి మాట ముందు వినాలన్న ప్రశ్న వస్తే ఆమె వంతు ఎప్పుడూ చివరే.

ఇది కార్ల పందేల సంగతి మాత్రమే అనుకుంటున్నారా? గ్రైండరులో ఏదో చప్పుడొస్తోందని ఇల్లాలు చెబితే సరిగ్గా వాడటం రావడం లేదంటారు. అదే మాట మెకానిక్ చెబితే వెంటనే కొత్త పార్టు తెస్తారు. తేడా అంతే.

సీజన్ చివర్లో అమెరికా పందెంలో లెల్లా విలియమ్స్ జట్టు కారు నడపాల్సింది. ఇంజిన్ అంటుకునే దగ్గరే లోపం వచ్చి అసలు బయల్దేరనేలేదు.

జాబితాలోంచి పేరు పోయింది

1976 మొదటి పందెం బ్రెజిల్‌లో. మార్చ్ కారులో 14వ స్థానం. అంతే... జట్టులో మార్పులు మొదలయ్యాయి. స్వీడన్‌కి చెందిన రోనీ పీటర్సన్ లోటస్ జట్టు వదిలేసి మార్చ్‌కి వచ్చాడు. ఆ రోజుల్లో అత్యంత వేగంగా నడిపేవాళ్లలో ఒకడు. అంతటివాడు వస్తానంటే ఏ జట్టు వద్దంటుంది? లెల్లాకి అండగా ఉన్న జానన్ దొరకి పీటర్సన్ అన్నా ఎంతో అభిమానం. లెల్లా సీటు పోయింది.

తరవాత జరిగిన సంగతి మార్చ్ కారు డిజైనరు రాబిన్ హెర్డ్ చాలా ఏళ్లకి స్వయంగా బయటపెట్టాడు. లెల్లా నడిపిన కారు పీటర్సన్‌కి ఇచ్చారు. నడిపి వచ్చిన పీటర్సన్ కూడా అచ్చం అదే మాట చెప్పాడు... కారులో ఏదో తేడా ఉందని. చెప్పింది పీటర్సన్ కదా! వెంటనే కారు విప్పారు. చూస్తే ఏముంది? వెనక భాగాన్నంతా పట్టి ఉంచే మెగ్నీషియం పోత దిమ్మ పగిలి ఉంది! పైకి కనిపించని పగులు. మలుపు తిరిగినప్పుడల్లా కారు వెనక భాగం వంకరపోయేది. లెల్లా మొత్తుకున్నది దీని గురించే. ఆ పగిలిన కారుతోనే ఆమె ఏడాదంతా నెట్టుకొచ్చింది.

పీటర్సన్ ఆ ఏడాది సెప్టెంబరులో మోంజాలో మార్చ్ జట్టుకి పందెం గెలిచి పెట్టాడు. మంచి డ్రైవరు, అందులో సందేహం లేదు. కానీ బాగున్న కారు ఇచ్చి ఉంటే లెల్లా ఎక్కడిదాకా వెళ్లేదో తెలుసుకునే అవకాశం మాత్రం ఎవరికీ లేకుండా పోయింది. పగులు దొరికాక ఆమెని మళ్లీ పిలిచి ఇదిగో బాగైన కారు, నడిపి చూడు అన్నవాళ్లు లేరు.

ఆ వేసవిలో వేరే జట్టు పాత బ్రాభమ్ కారుతో మూడు ప్రయత్నాలు చేసింది. బ్రిటన్ ప్రాక్టీసులో ఆమెతోపాటు మరో మహిళ కూడా పేరిచ్చింది. డివినా గలీకా... ఒలింపిక్స్‌లో మంచు మీద స్కీయింగ్ చేసిన క్రీడాకారిణి. ఒకే గ్రాండ్ ప్రీకి ఇద్దరు ఆడవాళ్లు! ఇద్దరికీ చోటు దొరకలేదు. జర్మనీలోనూ అంతే. ఆస్ట్రియాలో లెల్లా 12వ స్థానంలో వచ్చింది. 1976 ఆగస్టు 15న జరిగిన ఆ పందెమే ఫార్ములా వన్‌లో ఆమెకి చివరిది. మొత్తం 17 సార్లు పేరిచ్చి, 12 పందేలు నడిపింది.

ఆరు గంటల పందేలు

ఇంకొకరైతే అక్కడితో హెల్మెట్ అటకెక్కించేవారే. లెల్లాకి అసలు గెలుపులన్నీ ఆ తరవాతే వచ్చాయి. 1976లో ఫ్రాన్స్‌లో 24 గంటలపాటు సాగే లె మాన్ పందెంలో క్రిస్టీన్ దాక్రెమాంతో కలిసి లాన్సియా కారు నడిపి చివరిదాకా నిలబడింది. 1977 జులై 4న అమెరికాలోని డేటోనాలో జానెట్ గత్రీ, క్రిస్టీన్ బెకర్స్‌లతోపాటు పందెంలో దిగింది. ముగ్గురు ఆడవాళ్లు ఒకే పందెంలో పాల్గొనడం అక్కడి జనానికి పెద్ద వింత.

పందెం ఎంత పొడుగైతే లెల్లాకి అంత బాగుండేది. కారుని ఆదుకుంటూ, ఓపిగ్గా, గంటల తరబడి ఒకే వేగంతో నడపడం ఆమెకి పెట్టింది పేరు. 1979లో పెర్గూసాలోనూ, వల్లెలుంగాలోనూ ఆరు గంటల పందేలు గెలిచింది. 1981లో జోర్జియో ఫ్రాంచాతో కలిసి ఒసెల్లా కారులో ముజెల్లో ఆరు గంటల పందెం గెలిచింది. ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయి పందేలివి. అర గెలుపులు కావు, నిండు గెలుపులు! 1980లలో ఆల్ఫా రోమియో కార్లతో టూరింగ్ పందేలు నడిపింది. 1988 దాకా చక్రం వదల్లేదు. మరుసటి ఏడాది సొంత పేరుతోనే ‘లొంబార్డి ఆటోస్పోర్ట్’ జట్టు పెట్టింది. తనకి సీటు ఇవ్వడానికి ఎవరెవరినో వెతుక్కున్న మనిషి, మరొకరికి సీటు ఇచ్చే చోటికి చేరింది.

లెల్లా మితభాషి. సొంత బతుకు గురించి పత్రికలతో పెద్దగా మాట్లాడేది కాదు. పెళ్లి చేసుకోలేదు. మరో మహిళనే జీవిత సహచరిగా ఎంచుకుంది. పత్రికలు ‘తురిన్ ఆడపులి’ అని పేరు పెట్టినా, ఆమె ఎప్పుడూ ఫ్రుగరోలో పిల్లగానే మిగిలింది.

మార్చి 1... మార్చి 3

చివరికి ఆమెని ఓడించింది రొమ్ము క్యాన్సర్. 1992 మార్చి 3న మిలాన్‌లో కన్నుమూసింది. ఇంకో మూడు వారాలుంటే 51 నిండేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక విచిత్రం జరిగింది. లెల్లా చనిపోవడానికి రెండు రోజుల ముందు... 1992 మార్చి 1న... దక్షిణాఫ్రికాలో క్యాలమీలోనే గ్రాండ్ ప్రీ జరిగింది. 17 ఏళ్ల క్రితం అదే తేదీన, ఆ పేరున్న చోటే కదా లెల్లా తొలి పందెం మొదలైంది! ఈసారి బ్రాభమ్ జట్టు తరఫున మరో ఇటలీ మహిళ జొవన్నా అమాటి పేరిచ్చింది. కారు బలహీనం, జట్టు దివాలా అంచున. చోటు దొరకలేదు. మూడు పందేలు చూసి ఆమె పేరు కొట్టేశారు. ఆ సీటు డామన్ హిల్‌కి ఇచ్చారు. తరవాత 1996లో ప్రపంచ చాంపియన్ అయిన హిల్ అంతటివాడు కూడా ఆ కారుతో ఎనిమిది ప్రయత్నాల్లో ఆరుసార్లు పందెంలోకి రాలేకపోయాడు. అయినా హిల్‌కి పేరు పోలేదు. అతని విషయంలో తప్పు కారుదే అన్నారు!

అమాటి తరవాత 2025 ముగిసేదాకా ఏ మహిళ పేరూ గ్రాండ్ ప్రీ పందెం జాబితాలోకి ఎక్కలేదు. 2014లో బ్రిటన్ సిల్వర్‌స్టోన్‌లో సూజీ వుల్ఫ్ విలియమ్స్ కారుని ప్రాక్టీసులో నడిపింది. అంతవరకే. ఆ సూజీయే 2023లో మొదలైన ‘ఎఫ్ వన్ అకాడమీ’కి సారథి. ఆడపిల్లలకి ప్రత్యేకంగా పెట్టిన పందేలివి. 2024 నుంచి ఫార్ములా వన్ జట్లు పదీ తలో కారుకి అండగా నిలిచాయి. డబ్బు లేక, మంచి కారు లేక మధ్యలో ఆగిపోయే పిల్లలకి దారి వెయ్యాలన్నది ఉద్దేశం. దారి పడుతోంది. ఆ దారి 22 పేర్ల జాబితా దాకా ఎప్పుడు చేరుతుందో చూడాలి.

ఏదో ఒక సీజన్‌లో ఓ అమ్మాయి పేరు ఆ జాబితాలో ఎక్కుతుంది. మొదటి పాయింటు తెస్తుంది. అప్పుడు పత్రికలన్నీ పాత పుస్తకాలు తిరగేసి 1975, మోంట్‌జుయిక్, లొంబార్డి, 0.5 అని రాస్తాయి. ఆ రోజు వచ్చినప్పుడు ఆ అమ్మాయి కారులో ఏదో తేడా ఉందని చెబితే, పక్కనున్న వాళ్లు వెంటనే కారు విప్పి చూస్తే చాలు.